పచ్చిక కోసిన ఇనుము

పాత నాణేలు, తపాలా బిళ్ళలు, గ్రామఫోను రికార్డులు పోగుచేసేవారిని చూసి మనం ఆశ్చర్యపోము. కానీ గడ్డి కోసే యంత్రాలను, అదీ నూరేళ్ళ, నూటయాభై యేళ్ళ కిందటి వాటిని, వెతికి తెచ్చి, తుప్పు వదిలించి, మళ్ళీ పచ్చిక మీద నడిపించి మురిసిపోయేవారు ఉన్నారంటే మాత్రం పెదవులపై ఒక చిరునవ్వు తప్పదు. ఇంగ్లండులో అటువంటివారు 1990లో ఓల్డ్ లాన్‌మోవర్ క్లబ్ అని ఏకంగా ఒక సంఘమే పెట్టుకున్నారు. ఆ దేశపు వాయవ్య తీరాన సౌత్‌పోర్ట్ అనే పట్టణంలో ఈ యంత్రాలకు ప్రత్యేకంగా ఒక మ్యూజియం కూడా ఉంది.

నవ్వు తీరాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఈ పాత ఇనుములో అంతగా దాచుకోవలసినది ఏముంది? అందులో ఒక శతాబ్దపు శ్రమచరిత్ర ఉంది. ఆ చరిత్ర తుప్పు వల్ల ఎంత చెరిగిపోతుందో, ప్రేమతో వేసిన కొత్త రంగు వల్ల కూడా అంతే చెరిగిపోతుంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఆ సంగతే.

ముందు పచ్చిక మాట. మనకు గడ్డి అంటే పశువుల మేత. లేదా వినాయక చవితినాటి గరిక. ఏదో ఒక దానికి పనికివస్తుందనే దాన్ని కోస్తాం. కోసి పారేయడానికే గడ్డిని పెంచడం, పెరగనివ్వకుండా ఉండటానికే దాన్ని పోషించడం అనేది కలవారి వేడుక. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల ఇంగ్లండులో భూస్వాముల భవనాల ముందు పరచుకున్న పచ్చిక చెప్పే మాట ఒక్కటే: ఇంత నేలను పంట లేకుండా ఉంచగలను, దాన్ని నున్నగా ఉంచడానికి ఇందరు మనుషులను పెట్టుకోగలను.

ఆ మనుషుల చేతిలోని పనిముట్టు మన కొడవలి వంటిది కాదు. ఇంచుమించు మనిషి ఎత్తు కర్రకు పొడవాటి వంపు కత్తి బిగించి, నిలబడి, నడుము తిప్పుతూ రెండు చేతులా ఊపి కోసేది. పొట్టి గడ్డి తడిమీద ఉన్నప్పుడే దానికి బాగా లొంగుతుంది. కనుక మంచు ఆరకముందే, తెల్లవారుజామునే పని మొదలయ్యేది. కోతగాళ్ళ వెనుక మరికొందరు, తరచు ఆడవాళ్ళు, ఆ గడ్డిని ఊడ్చి ఎత్తేవారు. దొరగారు నిద్రలేచి కిటికీ తీసేసరికి పచ్చిక సిద్ధం, మనుషులు మాయం. అంత ఖర్చు పెట్టుకోలేనిచోట గొర్రెలే దిక్కు. పంతొమ్మిదో శతాబ్దపు మొదటి భాగంలో క్రికెట్‌కు పుట్టిల్లనిపించుకున్న లార్డ్స్ మైదానంలో సైతం గడ్డి మేసిపెట్టినవి గొర్రెలే.

ఈ స్థితిని మార్చిన యంత్రం తోటలో పుట్టలేదు, బట్టల మిల్లులో పుట్టింది. గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ లోయ ఉన్నిబట్టల సీమ. బ్రిటిష్ సైనికుల ఎర్రకోట్ల బట్టకు ఆ లోయ ప్రసిద్ధి. ఇక్కడ నేతపని తెలిసిన మనకు ఒక తేడా వివరించాలి. నూలు చీర మగ్గం దిగితే దాదాపు పని అయినట్టే. ఉన్నిబట్ట మగ్గం దిగాకే అసలు పని మొదలవుతుంది. దాన్ని తడిపి, కుమ్మి, చిక్కబరచి, ముళ్ళకాయలతో గీకి పైకి నూగు లేపాలి. ఆ నూగును ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా కత్తిరించాలి. బట్ట నునుపు, ధర ఆ కత్తిరింపు మీదే ఆధారపడేవి. బరువైన పెద్ద కత్తెరలతో ఆ పని చేసే నిపుణులు మిగతా కార్మికులకన్నా ఎక్కువ కూలి, ఎక్కువ గౌరవం పొందేవారు.

వారి పనిని యంత్రాలకు అప్పగించడం మొదలైనప్పుడు రక్తం చిందింది. 1802లో విల్ట్‌షైర్‌లో ఈ కత్తిరింపు పనివారు మిల్లులు తగలబెట్టారు. ఆ మరుసటి సంవత్సరం థామస్ హెల్లికర్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి ఉరితీశారు. 1812లో యార్క్‌షైర్‌లో లుడ్డైట్లు సుత్తులు పట్టుకుని అర్ధరాత్రి పగలగొట్టినవి ఈ నూగు కత్తిరించే యంత్రాలనే. 1813 జనవరిలో యార్క్ పట్టణంలో పదిహేడు మందిని ఉరికంబం ఎక్కించారు. ఆ తరువాత కొద్దికాలానికే, 1815 ప్రాంతంలో, స్ట్రౌడ్ దగ్గరి బ్రింస్‌కూంబ్‌లో జాన్ లూయిస్ అనే మిల్లు యజమాని కత్తెరలను పూర్తిగా వదిలేసి, ఒక కడ్డీ చుట్టూ మెలితిరిగిన బ్లేడ్లు బిగించి, దాన్ని గిరగిరా తిప్పుతూ నూగు కత్తిరించే యంత్రాన్ని తెచ్చాడు.

ఆ లోయలోనే మిల్లు యంత్రాలు బాగుచేసే ఎడ్విన్ బియర్డ్ బడింగ్ అనే మెకానిక్కు ఉండేవాడు. బట్టమీద నూగు, నేలమీద గడ్డి: ఈ రెండింటి మధ్య పోలిక అతని కంటికి ఆనింది. మిల్లులో యంత్రం ఉన్నచోటే ఉంటే బట్ట దాని కిందుగా నడుస్తుంది. తోటలో నేల ఉన్నచోటే ఉంటుంది గనుక యంత్రమే నడవాలి. తేడా అంతే. వెనుక ఒక బరువైన రోలరు. యంత్రాన్ని తోస్తే ఆ రోలరు దొర్లుతుంది. దాని తిరుగుడును పళ్ళచక్రాలు అనేక రెట్లు చేసి ముందున్న బ్లేడ్ల చట్రానికి అందిస్తాయి. నేలకు ఆనీ ఆనకుండా కింద ఒక కదలని బ్లేడు ఉంటుంది. పైన తిరిగే బ్లేడ్లు, కింద నిలిచిన బ్లేడు కలిసి కత్తెర అవుతాయి. కొడవలి వేటు వేస్తుంది, ఇది కత్తిరిస్తుంది.

బడింగ్ చేతిలో డబ్బు లేదు. థ్రప్ గ్రామంలో ఫీనిక్స్ ఇనుప కర్మాగారం నడిపే జాన్ ఫెరబీ పెట్టుబడి పెట్టాడు. ఇరువురూ 1830 మే నెలలో ఒప్పందం రాసుకున్నారు. 1830 ఆగస్టు 31న పేటెంటు దక్కింది. ఇరుగుపొరుగువారు చూసి పిచ్చివాడనుకుంటారని బడింగ్ తన యంత్రాన్ని రాత్రిళ్ళు పరీక్షించేవాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ మాటెలా ఉన్నా, పేటెంటు పత్రంలోని ఒక మాట మాత్రం గమనింపదగినది. పల్లెల్లోని పెద్దమనుషులు ఈ యంత్రాన్ని తామే నడిపితే అది వారికి వినోదంగానూ, ఉపయోగంగానూ, ఆరోగ్యకరమైన వ్యాయామంగానూ ఉంటుందని అందులో రాశారు!

ఇక్కడ పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆ తేదీని మళ్ళీ చూడాలి. అదే 1830 ఆగస్టు చివరి రోజుల్లో ఇంగ్లండు ఆగ్నేయ మూలన కెంట్ ప్రాంతంలో వ్యవసాయ కూలీలు నూర్పిడి యంత్రాలను పగలగొట్టడం మొదలుపెట్టారు. చలికాలమంతా కళ్ళంలో కర్రలతో ధాన్యం కొట్టడమే వారికి నాలుగు మెతుకులు పెట్టే పని. యంత్రం ఆ పనిని లాగేసుకుంది. ‘కెప్టెన్ స్వింగ్’ అనే కల్పిత నాయకుడి పేరుతో బెదిరింపు ఉత్తరాలు వెలువడ్డాయి. ఆ నవంబరుకల్లా ఆ మంట గ్లాస్టర్‌షైర్‌కు, అంటే స్ట్రౌడ్‌కు కూతవేటు దూరంలోని టెట్‌బరీ పల్లెలకు కూడా పాకింది. చివరికి పందొమ్మిది మందిని ఉరితీశారు. అయిదువందలకు కాస్త తక్కువమందిని ఓడలెక్కించి ఆస్ట్రేలియా పంపారు. ఒకే దేశంలో, ఒకే కాలంలో, ఒకచోట చేతిపని పోతుందని కూలీలు యంత్రాలు పగలగొడుతుంటే, మరొకచోట చేతిపనిని దొరలకు వినోదంగా మార్చే యంత్రానికి ప్రభుత్వ ముద్ర పడుతోంది. దీన్ని నేను కాకతాళీయమనే అంటాను, కానీ చరిత్రలో కొన్ని కాకతాళీయాలు వ్యాఖ్యానాలకన్నా ఎక్కువ చెబుతాయి.

తొలి యంత్రాలు కొన్నవారిలో లండన్ రీజెంట్స్ పార్కులోని జంతుప్రదర్శనశాల వారున్నారు. కొడవళ్ళు, చీపుళ్ళు పట్టిన ఆరుగురో ఎనిమిదిమందో చేసే పనిని ఇద్దరు మనుషులతో ఈ యంత్రం చేస్తోందని అక్కడి మేస్త్రీ మెచ్చుకున్నాడు. ఒకరు లాగాలి, ఒకరు తోయాలి. మిగిలిన నలుగురి లేదా ఆరుగురి సంగతి ఏ ప్రకటనలోనూ కనబడదు. ఈ మెప్పుకోలు వాక్యమే వారి గురించిన రికార్డు.

1832లో ఇప్స్‌విచ్‌కు చెందిన రాన్సమ్స్ కంపెనీ తయారీకి అనుమతి కొనుక్కుంది. వ్యవసాయ పనిముట్లలో అప్పటికే పేరున్న ఆ సంస్థే తరువాతి కాలంలో ఈ రంగానికి పెద్దదిక్కయింది. మర తిప్పి దవడలు సరిచేసుకునే స్పానరుకు ఒక రూపమిచ్చిన ఘనత కూడా బడింగ్‌కు ఉంది. అయితే తన గడ్డియంత్రం ఇంటింటికీ చేరేదాకా అతడు బతకలేదు. 1846లో కన్నుమూశాడు.

ఆ తరువాతి కథ వేగంగా నడుస్తుంది. 1840ల తొలినాళ్ళలో స్కాట్లండులోని ఆర్బ్రోత్‌లో అలెగ్జాండర్ షాంక్స్ పొట్టిగుర్రం లాగే వెడల్పాటి యంత్రం చేశాడు. గిట్టల ముద్రలు పడకుండా గుర్రాలకు తోలు జోళ్ళు తొడిగేవారు. కాలినడకను మనవాళ్ళు ‘నటరాజా సర్వీసు’ అన్నట్టే ఇంగ్లీషువారు ‘షాంక్స్ గుర్రం’ అంటారు. ఆ నానుడి ఈ యంత్రం వెనుక నడవడం వల్ల పుట్టిందని చెబుతారు గానీ అది నిజం కాదు. స్కాట్లండులో ఆ మాట అంతకు ముందు శతాబ్దం నుంచే ఉంది. 1859లో లీడ్స్ పట్టణపు థామస్ గ్రీన్ పళ్ళచక్రాలకు బదులు గొలుసు వాడి చప్పుడు తగ్గించి, తన యంత్రానికి ‘సైలెన్స్ మెస్సోర్’ అని లాటిన్ పేరు పెట్టాడు. ‘మౌనంగా కోసేది’ అని అర్థం. తెల్లవారుజామున దొరల నిద్ర చెడకూడదు కదా!

యంత్రం చౌకయ్యేకొద్దీ పచ్చిక పెద్దల గేటు దాటింది. ఊరి మైదానం, మధ్యతరగతి ఇంటి ముంగిలి, క్రోకే, టెన్నిస్ ఆటస్థలాలు అన్నీ దాని మీద ఆధారపడ్డవే. వింబుల్డన్ క్లబ్బు 1877లో మొదటి టెన్నిస్ పోటీ పెట్టినది పచ్చికను చదునుచేసే, పొట్టిగుర్రం లాగే రోలరు మరమ్మతుకు డబ్బు కావలసివచ్చి. పచ్చిక పోషణ ఖర్చే ఆ పోటీకి తల్లి.

తరువాత ఆవిరి, ఆపైన పెట్రోలు. లాంకషైర్‌లోని లేలండ్ అనే ఊరిలో జేమ్స్ సమ్నర్ అనే కమ్మరి కుటుంబీకుడు 1890లలో ఆవిరితో నడిచే గడ్డికోత యంత్రం చేశాడు. 1902లో రాన్సమ్స్ వారు పెట్రోలు యంత్రాన్ని అమ్మకానికి పెట్టారు. 1921లో బర్మింగ్‌హామ్‌కు చెందిన చార్లెస్ ప్యూ కంపెనీ ‘ఆట్కో’ పేరుతో తెచ్చిన మోటారు యంత్రం మామూలు కుటుంబాల దాకా వెళ్ళింది.

ఇదంతా ఎక్కడిదో కథ, మనకేం సంబంధం అనుకునేవారి కోసం ఒక చిన్న మలుపు. ఆ సమ్నర్ గడ్డియంత్రం నుంచి ఆవిరి బండ్లకు మళ్ళి, 1896లో భాగస్వాములతో కలిసి పెట్టిన సంస్థే 1907లో లేలండ్ మోటార్స్ అయింది. మద్రాసులోని అశోక్ మోటార్స్ దానితో చేతులు కలిపి 1955లో అశోక్ లేలండ్‌గా మారింది. మన ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణించినవారెవరికీ ఆ పేరు కొత్త కాదు. అదే 1955లో మద్రాసులోనే మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియాకు మాతృసంస్థ అయిన రెడ్డిచ్ కంపెనీ కూడా రాయల్ ఎన్‌ఫీల్డ్ పేరు మీద మోటారు సైకిళ్ళతోపాటు గడ్డికోత యంత్రాలు అమ్మినదే. మన రోడ్లమీద తిరిగిన రెండు పేర్ల వెనుక పచ్చిక వాసన ఉందన్నమాట.

బడింగ్ కత్తెర సూత్రానికి పోటీ 1952లో సిడ్నీ నగరంలో ఒక గ్యారేజీలో గట్టిగా ఎదురైంది. మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ ఒక ఇంజనుకు అడుగున అడ్డంగా బ్లేడ్లు బిగించి, పీచ్ పండ్ల ఖాళీ డబ్బాను పెట్రోలు ట్యాంకుగా పెట్టి ‘విక్టా’ యంత్రం చేశాడు. ఇది కత్తిరించదు, వేగంతో నరుకుతుంది. నునుపు తక్కువైనా ఏపుగా పెరిగిన గడ్డిని సైతం లెక్కచేయదు. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో విక్టా యంత్రాలతో నృత్యమే చేశారంటే ఆస్ట్రేలియన్ల మనసులో దానికున్న చోటు అర్థమవుతుంది. ఇటువంటివి వచ్చాక పాత పోత ఇనుప యంత్రాలు తోటమాలి కొట్టు మూలకు, అక్కడి నుంచి పాత సామాన్ల వాళ్ళ తక్కెడలోకి చేరాయి.

సేకర్తలు వాటిని ఏరుకునేది అక్కడే. మరి ఆ పని ఎలా సాగుతుంది? మొదట వయసు తేల్చాలి. కంపెనీ పేరు, వెడల్పు తరచు ఇనుములోనే పోతపోసి ఉంటాయి. 1842 నుంచి 1883 దాకా బ్రిటన్‌లో నమోదైన నమూనాల మీద ఒక వజ్రాకారపు గుర్తు ఉండేది. దాని మూలల్లోని అక్షరాలు, అంకెలు చదవగలిగితే ఆ నమూనా నమోదైన సంవత్సరం, నెల, తేదీ కూడా తెలుస్తాయి. 1884 నుంచి ఆ గుర్తుపోయి వరుస సంఖ్యలు వచ్చాయి. శాసనాలు చదివేవారికి లిపి ఎలాగో వీరికి ఈ గుర్తు అలాగ.

తరువాత విప్పడం. పాత మరలు 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన కొలతలవి. నేటి మెట్రిక్ నట్టును బలవంతాన ఎక్కిస్తే మర చెడుతుంది. కనుక తుప్పుపట్టిన ప్రతి బోల్టునూ దాచాలి. బిగుసుకుపోయినదానికి నూనె పట్టించి రోజుల తరబడి ఆగాలి. పోత ఇనుము సుత్తిదెబ్బకు వంగదు, పగులుతుంది. పగిలినదాన్ని ముందుగా వేడిచేయకుండా వెల్డింగు చేస్తే పక్కనే మరో పగులు పుడుతుంది. తుప్పు వదలడానికి కొందరు చాకలి సోడా కలిపిన నీటిలో వస్తువును ముంచి, బ్యాటరీ చార్జరు రుణాగ్రానికి దాన్ని, ధనాగ్రానికి ఒక పాత ఇనుప ముక్కను కలుపుతారు. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం నీటిలో చేరుతుంది. పాత రంగులో సీసం ఉండవచ్చు గనుక దాన్ని పొడిగా రుద్దరాదు. ఇన్నీ అయ్యాక బ్లేడ్లకు రాపిడి ముద్ద పూసి చట్రాన్ని వెనక్కు తిప్పి సానపెడతారు. చివరి పరీక్ష ఒక కాగితం ముక్క. దాన్ని బ్లేడ్ల మధ్య పెట్టి చేత్తో తిప్పితే, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడ పెట్టినా శుభ్రంగా తెగాలి.

అసలు చిక్కు ఇక్కడి నుంచే. యంత్రం కోస్తోంది, మరి రూపం సంగతి? తళతళలాడే కొత్త రంగు, బంగారు గీతలు, వార్నిషు పూసిన కొత్త పిడి పెడితే ప్రదర్శనలో నలుగురూ మెచ్చుకుంటారు. కానీ ఆ పాత పిడి మీద రెండుచోట్ల కర్ర అరిగి ఉంటుంది. రోజూ అక్కడే పడిన రెండు చేతుల గుర్తు అది. ఎడమవైపు ఎక్కువ అరిగితే తోసినవాడు ఏ పక్కకు బలం వేసేవాడో ఊహించవచ్చు. విరిగిన కడ్డీకి ఊరి కమ్మరి వేసిన పట్టీ, పోయిన బోల్టు స్థానంలో చుట్టిన తీగ, ఒకరి రంగు మీద మరొకరు పూసిన రంగు పొరలు: ఇవన్నీ కంపెనీ కేటలాగులో లేనివి. కంపెనీల చరిత్రకు పేటెంట్లున్నాయి, ప్రకటనలున్నాయి. యంత్రాన్ని తోసిన తోటమాలికి ఏమున్నాయి? ఆ అరుగుదల ఒక్కటే. దాన్ని గీకి పారేసిన రోజున ఆ మనిషి రెండోసారి మాయమవుతాడు. మొదటిసారి దొర కిటికీ తీయకముందు. రెండోసారి మనం మ్యూజియం తలుపు తీయకముందు.

అందుకే సేకర్తల్లో ‘నూనెగుడ్డ’ పక్షం ఒకటుంది. మట్టి, వదులు తుప్పు తొలగించి, మిగిలిన పాత రంగును అలాగే ఉంచి, నూనె గుడ్డతో తుడిచి, మైనం పూసి ఆపేయాలంటారు వారు. సగం తినేసిన ఇనుమును అలా వదిలితే ఎక్కువకాలం నిలవదని, కొత్తగా ఉన్నప్పటి అందమూ చరిత్రేనని ఎదుటి పక్షం వాదన. రెండింటిలోనూ న్యాయముంది. వందలకొద్దీ దొరికే నమూనాల్లో ఒకదాన్ని పెళ్ళికూతురిలా ముస్తాబు చేస్తే నష్టం లేదు. అరుదైన దానికి మాత్రం ఒకటే సూత్రం: రేపు ఇంకొకరు వెనక్కు తీసుకోలేని పని ఈరోజు చేయరాదు. తప్పనిసరైతే ముందు ఫొటో, కొలత, రంగు పొరల వరుస రాసిపెట్టుకోవాలి. తాళపత్రాల మీద పసరు రాసి అక్షరాలను పైకి తేవడం వేరు, మాసిన అక్షరం మీద మన చేతిరాతతో దిద్దడం వేరు కదా!

లండన్ సైన్స్ మ్యూజియంలో ఫెరబీ కర్మాగారంలో చేసిన తొలినాటి బడింగ్ యంత్రం ఒకటి ఉంది. దాన్ని చూసేవారికి అదొక విడ్డూరపు ఇనుప బండి. తెలిసి చూస్తే అందులో ఉన్నిబట్ట నూగు కత్తిరించిన పనివారి పోయిన కూలి ఉంది, లుడ్డైట్ల సుత్తి చప్పుడు ఉంది, మంచులో నడిచిన కోతగాళ్ళున్నారు, వారి వెనుక ఊడ్చుకుంటూ వచ్చిన ఆడవాళ్ళున్నారు. మన కాలేజీల, క్లబ్బుల, పాత బంగళాల సామాన్ల గదుల్లోనూ ఇటువంటి యంత్రం ఏదైనా మూలుగుతూ ఉండవచ్చు. మీలో ఎవరి కంటనైనా పడితే, పాత ఇనుప సామాన్లకు తూకం వేయించకముందే, రంగు డబ్బా మూత తీయకముందే, దాని పిడి మీద ఒకసారి చేతులు ఆనించి చూడండి. ఎక్కడ నున్నగా తగిలితే అక్కడ మీకన్నా ముందు ఒక మనిషి ఉన్నాడు.